‘ఐ యామ్ ఇరిటేటింగ్’ అంటే చిరాకు మీకా, ఎదుటివాళ్లకా?

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. అప్పటిదాకా అంతా బాగానే సాగింది. డేటా స్ట్రక్చర్స్ అడిగారు, చెప్పాను. ఎస్‌క్యూఎల్ జాయిన్స్ అడిగారు, బోర్డు మీద రాసి చూపించాను. చివర్లో మధ్య కుర్చీలో ఉన్నావిడ తాపీగా ఫైనలియర్ ప్రాజెక్ట్ ఎలా జరిగిందని అడిగారు. నలుగురం కలిసి మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. ఇద్దరు మధ్యలోనే చేతులెత్తేశారు. రాత్రిళ్లు మేల్కొని కోడ్ రాసింది మేమిద్దరమే. ఆ కడుపుమంట అంతా ఒక్కసారిగా గుర్తొచ్చి, గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "మేడమ్, ఎట్ దట్ టైమ్ ఐ వాజ్ వెరీ ఫ్రస్ట్రేటింగ్. మై టీమ్‌మేట్స్ డిడ్ నాట్ కోఆపరేట్. ఐ హ్యాడ్ ఎ ఫైట్ విత్ దెమ్."

ఆవిడ పక్కనున్నాయన వైపు చూసి చిన్నగా నవ్వారు. "సో, యూ వర్ ద ప్రాబ్లమ్?" అన్నారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే.

ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క వాక్యం వల్లే పోయిందని చెప్పను. మిగతా కారణాలు కూడా ఉండే ఉంటాయి. కానీ ఆ నవ్వు మాత్రం సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా రైల్లో నా పక్కనే కూర్చుని వచ్చింది.

మర్నాడు సాయంత్రం మట్టెవాడలో మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఈ సంగతి మా పక్కింటి అన్నకు చెప్పాను. అప్పటికే అతను రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగంలో ఉన్నాడు. రోజూ విదేశీ కస్టమర్ల చిరాకులు వినడమే అతని పని. నేను చెప్పిందంతా విని, గ్లాసు పక్కన పెట్టి, ఒకే మాట అడిగాడు.

"తమ్మీ, నువ్వు ఫ్రస్ట్రేట్ అయినవా, ఫ్రస్ట్రేట్ చేసినవా?"

"అయిన."

"మరి చేసినట్టు చెప్పినవ్ కదా!"

అయ్యానా... చేశానా...

నాకు పదిహేనేళ్ల ఇంగ్లిష్ చదువులో ఎవరూ చెప్పని గ్రామర్ ఆ రెండు తెలుగు మాటల్లో దొరికింది. పుస్తకాల్లో దీన్ని పార్టిసిపుల్ అని పెద్ద పేరుతో పిలుస్తారు. మనకు ఆ పేరు అక్కర్లేదు. ఇంగ్లిష్ క్రియను తెలుగులోకి తెచ్చుకున్నప్పుడల్లా మనం దానికి రెండు తోకల్లో ఏదో ఒకటి తగిలిస్తాం. ఒకటి ‘అవ్వడం’, రెండోది ‘చేయడం’. ఇరిటేట్ అయ్యాను, ఇరిటేట్ చేశాడు. డిసప్పాయింట్ అయ్యాం, డిసప్పాయింట్ చేసింది. ఈ తోకను పొరపాటున కూడా మనం తప్పుగా వాడం. "ఆ సినిమా డిసప్పాయింట్ అయింది" అని ఏ తెలుగువాడూ అనడు. సినిమా డిసప్పాయింట్ చేస్తుంది, చూసినవాడు డిసప్పాయింట్ అవుతాడు.

ఇంగ్లిష్‌లోనూ అదే తేడా ఉంది. కాకపోతే అక్కడ తోకలు వేరు. మనకు ‘అయ్యాను’ ఉన్నచోట వాళ్లకు చివర ‘ఈడీ’ వస్తుంది. మనకు ‘చేసింది’ ఉన్నచోట ‘ఐఎన్‌జీ’ వస్తుంది. ఓటీపీ రాక దరఖాస్తు మూడుసార్లు మొదటికొచ్చిందనుకోండి. ఫ్రస్ట్రేట్ చేసింది వెబ్‌సైట్ కాబట్టి "ద వెబ్‌సైట్ ఈజ్ ఫ్రస్ట్రేటింగ్." అయింది మీరు కాబట్టి "ఐ యామ్ ఫ్రస్ట్రేటెడ్." నోరు తెరవబోయే ముందు ఒక్క క్షణం ఆగి, మనసులో తెలుగు వాక్యం అనుకుని, తోక చూసుకోండి. వారం రోజులు ఇలా చేస్తే తర్వాత ఆగాల్సిన పని ఉండదు.

మనుషులకు ‘ఐఎన్‌జీ’ రాదనేం లేదు. "హి ఈజ్ ఇరిటేటింగ్" అనొచ్చు. అయితే అతనికి చిరాకేసిందని కాదు దాని అర్థం. అతన్ని చూస్తే పక్కవాళ్లకు చిరాకు అని. నేను ఆ రోజు ప్యానెల్ ముందు చేసింది సరిగ్గా ఇదే. ‘నేను అందరినీ విసిగించే మనిషిని’ అని నా నోటితో నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. తలకిందులుగా చేసే తప్పు ఇంకోటుంది. నేను నా బ్లాగులో ఫోన్లు, యాప్‌ల గురించి రాస్తుంటాను. పాఠకుల నుంచి వచ్చే ఉత్తరాల్లో "దిస్ యాప్ ఈజ్ వెరీ ఇరిటేటెడ్" అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. పాపం, ఆ యాప్‌కి ఎవరి మీద చిరాకో! "మై రిజల్ట్ ఈజ్ డిసప్పాయింటెడ్" కూడా అంతే. రిజల్ట్‌కి మనసుండదు. "మై రిజల్ట్ ఈజ్ డిసప్పాయింటింగ్" అనాలి.

అన్న చెప్పిన సూత్రంలో చిన్న చిక్కు ఉంది. మనకు రెండే తోకలు లేవు. బోర్ ‘కొడుతుంది’, టెన్షన్ ‘పడతాం’, ఇరిటేషన్ ‘వస్తుంది’. వీటన్నిటిలో అనుభవించేది మనమే కాబట్టి ఇవి ‘అయ్యాను’ కుటుంబమే. టెన్షన్ ‘పెట్టడం’, ఇరిటేషన్ ‘తెప్పించడం’ మాత్రం ‘చేయడం’ కుటుంబం. నాకు బోర్ కొడుతోంది అన్నా ఇంగ్లిష్‌లో "ఐ యామ్ బోర్డ్" అనే. ‘ఐ యామ్ బోరింగ్’ అని మన క్లాసుల్లో ఎంతమంది తమ మీద తామే నింద వేసుకున్నారో లెక్కలేదు.

కొన్ని పదాలు ఈ అచ్చులో పూర్తిగా ఒదగవు. అప్‌సెట్‌కు ‘అప్‌సెటెడ్’ లేదు. "ఐ వాజ్ అప్‌సెట్" అంటే చాలు. ‘చేసింది’ అన్నప్పుడు మాత్రం "అప్‌సెటింగ్" ఉంది. ఫెడప్‌కు రెండో రూపమే లేదు. స్ట్రెస్ విషయంలో మనిషి స్ట్రెస్డ్, పని స్ట్రెస్‌ఫుల్. ఇక మనకెంతో ఇష్టమైన టెన్షన్ ఇంగ్లిష్‌లో ఎక్కువగా వినిపించేది తాడు బిగువు గురించో, రెండు దేశాల మధ్య ఉద్రిక్తత గురించో. "ఐ యామ్ టెన్షన్" అనేది వాక్యమే కాదు. పరీక్ష ముందు గుండె దడదడలాడితే "ఐ యామ్ నర్వస్", పనులు నెత్తిన పడితే "ఐ యామ్ స్ట్రెస్డ్", ఏమవుతుందోనని దిగులైతే "ఐ యామ్ వర్రీడ్". మనం ఒక్క మాటతో నెట్టుకొస్తున్న మూడు వేర్వేరు సంగతులివి.

కోపం నాకొస్తుంది, నేను కోపానికి వెళ్లను

ఈ తప్పులు మన తెలివితక్కువతనం వల్ల రావు. తెలుగు బలంగా రావడం వల్ల వస్తాయి. తెలుగులో చిరాకు, కోపం, విసుగు, ఆకలి, నిద్ర... అన్నీ ‘నాకు’ వస్తాయి. వాక్యానికి యజమాని కోపమే. నేను కొరియర్ అందుకున్నవాడిలా నిలబడి ఉంటాను. ఇంగ్లిష్‌లో యజమానిని నేనే. "ఐ యామ్ యాంగ్రీ." ఆ తేడా తెలియక ‘నాకు ఇరిటేషన్ వస్తోంది’ని ఉన్నదున్నట్టు దించేస్తాం. "ఇరిటేషన్ ఈజ్ కమింగ్ టు మి", "ఐ గాట్ ఫ్రస్ట్రేషన్" అనేస్తాం. సరిచేయడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. ‘షన్’ తీసేసి ‘టెడ్’ పెడితే సరి. "ఐ యామ్ గెటింగ్ ఇరిటేటెడ్", "ఐ గాట్ ఫ్రస్ట్రేటెడ్". రెండూ నిఖార్సైన ఇంగ్లిష్. "ఐ హావ్ ఇరిటేషన్" అంటే మాత్రం వినేవాళ్లు మీ కంట్లోనో చర్మం మీదో దురద అనుకుంటారు. మందుల చీటీల మీద ఆ మాట కనిపించేది అందుకే.

ఇంకో దొంగ ‘మీద’. అతని మీద కోపం, నా మీద అరిచాడు. ఇదే ఇంగ్లిష్‌లోకి వెళ్లి "ఐ యామ్ యాంగ్రీ ఆన్ హిమ్", "హి షౌటెడ్ ఆన్ మి" అవుతుంది. ఆన్ అంటే బల్ల మీద పుస్తకం ఉన్నట్టు. కోపానికి అది పనికిరాదు. మనిషి మీద అయితే "యాంగ్రీ విత్ హిమ్" లేదా "యాంగ్రీ ఎట్ హిమ్", విషయం మీద అయితే "యాంగ్రీ అబౌట్ ఇట్". అరిచింది "షౌటెడ్ ఎట్ మి". ఫ్రస్ట్రేటెడ్ పక్కన విత్ గానీ బై గానీ వస్తాయి. "ఫ్రస్ట్రేటెడ్ విత్ ద ప్రాసెస్", "ఫ్రస్ట్రేటెడ్ బై ద డిలే". అనాయ్డ్ కూడా మనిషైతే విత్, సంగతైతే అబౌట్ లేదా ఎట్. ఫెడప్‌కు విత్. టైర్డ్‌కు, సిక్‌కు ఆఫ్. డిసప్పాయింటెడ్ దగ్గర కొంచెం జాగ్రత్త పడాలి. "డిసప్పాయింటెడ్ విత్ ద రిజల్ట్" అంటే ఫలితం బాగాలేదని. "డిసప్పాయింటెడ్ ఇన్ యూ" అంటే ‘నీ మీద నమ్మకం పోయింది’ అనేంత బరువు. నాన్న కొడుకుతో అనే మాట అది. మేనేజర్‌కి రాసే మెయిల్‌లో పెట్టకండి.

‘నుంచి’ కూడా ఇలాగే దెబ్బకొడుతుంది. ఇది ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు నేరుగా తగిలే తప్పు. రెండేళ్ల నుంచి ప్రయత్నిస్తున్నాను అనే మాట "ఐ యామ్ ట్రయింగ్ ఫ్రమ్ టూ ఇయర్స్" అయిపోతుంది. "ఐ హావ్ బీన్ ట్రయింగ్ ఫర్ టూ ఇయర్స్" అనాలి. కాలం పొడవు చెబితే ఫర్, మొదలైన రోజు చెబితే సిన్స్. ‘గ్యాప్ ఎందుకొచ్చింది?’ అనే ప్రశ్న మీకు ఎదురవ్వడం ఖాయం. ఆ జవాబులో మొదటి వాక్యం ఇదే కాబట్టి నోటికి బాగా అలవాటు చేసుకోండి.

ఏ మాట బరువెంత?

తెలుగులో విసుగుకూ చిరాకుకూ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చిర్రెత్తడం వేరు, ఒళ్లు మండడం వేరు. మన వైపు ఇంకా ఉన్నాయి. పరేషాన్ అవుతాం, బేజారవుతాం, ఎవడో సతాయిస్తాడు, చివరికి యాష్టకొస్తుంది. ఇంత సంపద ఉన్నవాళ్లం ఇంగ్లిష్‌కి వచ్చేసరికి ఒక్క ‘ఫ్రస్ట్రేషన్’ పట్టుకుని అన్నిటికీ అదే వాడేస్తున్నాం. బస్సు రాకపోతే ఫ్రస్ట్రేషన్, కూరలో ఉప్పెక్కువైతే ఫ్రస్ట్రేషన్. 2019 సంక్రాంతికి వచ్చిన ‘ఎఫ్2’ సినిమా పేరుతోనే ఈ మాటను పల్లెల దాకా తీసుకెళ్లింది. ఆ సినిమాలో నవ్వించే ఫ్రస్ట్రేషన్ అంటే పెళ్లయిన మగాడు లోపల దాచుకుని దాచుకుని ఒక్కసారిగా పేలిపోవడం. తెలుగులో ఆ మాటకు ఆ అర్థం స్థిరపడిపోయింది. ‘ఫ్రస్ట్రేషన్‌లో ఫోన్ విసిరేశాడు’ అంటాం. అంటే కోపం అన్నమాట.

ఇంగ్లిష్‌లో అసలు అర్థం అది కాదు. లాటిన్‌లో ‘ఫ్రస్ట్రా’ అంటే వృథాగా, ఫలితం లేకుండా అని. ప్రయత్నం చేశాం, ఏదో అడ్డుపడింది, పడిన శ్రమ నీళ్లపాలైంది. అప్పుడు కలిగేది ఫ్రస్ట్రేషన్. న్యాయశాస్త్రం చదివే మిత్రులుంటే అడగండి. ఒప్పందం కుదిరాక ఎవరి తప్పూ లేకుండా దాన్ని నెరవేర్చడం అసాధ్యమైపోతే దాన్ని ‘ఫ్రస్ట్రేషన్ ఆఫ్ కాంట్రాక్ట్’ అంటారు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్ కింద దీన్ని చదువుతారు. అక్కడ కోపానికి చోటే లేదు. అడ్డంకి, వృథా... అంతే. 1939లో యేల్ యూనివర్సిటీకి చెందిన జాన్ డోలార్డ్ బృందం రాసిన పుస్తకం ఫ్రస్ట్రేషన్‌నీ దూకుడునీ ముడిపెట్టింది. అందులోనూ ఫ్రస్ట్రేషన్ అంటే గమ్యానికి అడ్డుపడటమే. కోపం దాని వెనకాల వచ్చేది.

ఈ అర్థానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగాయి. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. హనుమకొండలో గది అద్దెకు తీసుకుని, ఒకే సిలబస్‌ని మూడుసార్లు తిరగేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లది ఇరిటేషన్ కాదు, అనాయెన్స్ అంతకంటే కాదు. ఫ్రస్ట్రేషన్ అనే మాట పుట్టింది ఇలాంటి సందర్భం కోసమే. వాళ్లలో మీరు ఒకరైతే, ప్రైవేటు ఉద్యోగం ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగినప్పుడు తల దించుకోకండి. ఇలా చెప్పండి: "ఐ వాజ్ ప్రిపేరింగ్ ఫర్ గ్రూప్ వన్. ద ప్రిలిమ్స్ వర్ క్యాన్సిల్డ్ ట్వైస్. ఇట్ వాజ్ ఫ్రస్ట్రేటింగ్, బట్ ఐ యూజ్డ్ ద టైమ్ టు లర్న్ పైథాన్." పైథాన్ స్థానంలో మీరు నిజంగా నేర్చుకున్నదే పెట్టండి. తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది. ఈ మూడు వాక్యాల్లో ఏడుపు లేదు, నింద లేదు. జరిగింది ఉంది, దానికి సరైన పేరుంది.

మిగతా పదాలను తొందరగా చూసేద్దాం. పక్కవాడు పెన్ను టకటకలాడించడం లాంటి చిన్న చికాకుకు అనాయ్డ్. అదే పని ఆగకుండా చేస్తూ నరాల మీదకు తెస్తే ఇరిటేటెడ్. ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఓపిక అడుగంటితే ఎగ్జాస్పరేటెడ్. అలవాటు లేనివాళ్లు ఈ మాట జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. నోరు తిరగక మధ్యలో ఆగిపోతే అదో ఫ్రస్ట్రేషన్! ఆశ పెట్టుకున్నది జరగకపోతే డిసప్పాయింటెడ్. మనసు నొచ్చుకుంటే అప్‌సెట్. ఇక చాలు, నా వల్ల కాదు అనిపిస్తే ఫెడప్. పట్టరాని కోపమైతే ఫ్యూరియస్. దాంట్లోనే ‘చాలా’ ఉంది కాబట్టి ‘వెరీ ఫ్యూరియస్’ అనరు, "అబ్సల్యూట్లీ ఫ్యూరియస్" అంటారు. డిప్రెస్డ్ అనే మాటను మాత్రం దయచేసి తేలిగ్గా వాడకండి. మ్యాచ్ ఓడిపోయిందని, మార్కులు తగ్గాయని ‘ఐ యామ్ ఇన్ డిప్రెషన్’ అనేస్తున్నారు. అది వైద్యం అవసరమైన జబ్బు పేరు. ఇంటర్వ్యూలో అంటే వినేవాళ్లు ఆ అర్థంలోనే తీసుకోవచ్చు. నిజంగా ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లయితే ఇంగ్లిష్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

వెబ్ సిరీస్‌ల నుంచి ఎత్తుకొచ్చే మాటల గురించి కూడా ఒక మాట. ‘మ్యాడ్’ అంటే అమెరికాలో కోపంగా ఉండటం, బ్రిటన్‌లో ఎక్కువగా పిచ్చి. ‘పిస్డ్ ఆఫ్’ అంటే కోపమే, కానీ మొరటు మాట. ‘ఆఫ్’ జారిపోతే బ్రిటన్‌లో తాగి ఉన్నారని అర్థం. స్నేహితుల దగ్గర మీ ఇష్టం. ప్యానెల్ ముందు వద్దు.

గొడవను ఫైట్ చేయకండి

నా జవాబులో రెండో బాంబు గుర్తుందా? "ఐ హ్యాడ్ ఎ ఫైట్ విత్ దెమ్." నా ఉద్దేశం గొడవ పడ్డామని. గొడవ అంటే మనకు మాటామాటా అనుకోవడం దగ్గర్నుంచి ఊరి పంచాయితీ దాకా ఏదైనా కావచ్చు. వరంగల్ వాళ్లకు ఇది వేరే చెప్పాలా? కాళోజీ తన కవితలకు ‘నా గొడవ’ అని పేరు పెట్టుకున్నారు. దాన్ని ‘మై ఫైట్’ అంటే ఒప్పుకుంటామా? అందులో బాధ ఉంది, ఫిర్యాదు ఉంది, నిలదీయడం ఉంది, తనదైన పట్టింపు ఉంది. ఒక్క ఇంగ్లిష్ మాటలో అది ఇమడదు. ఫైట్ అనగానే వినేవాడికి చొక్కాలు పట్టుకోవడం కళ్లముందు మెదలొచ్చు. హెచ్‌ఆర్ వాళ్లు భయపడేదే దానికి. అభిప్రాయం కుదరకపోతే "వి హ్యాడ్ ఎ డిసగ్రీమెంట్." గొంతులు లేచేదాకా వెళ్తే "ఆర్గ్యుమెంట్." నాలుగు సిలబుల్స్ ఉన్న మొదటి మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

‘ఎప్పుడైనా ఫ్రస్ట్రేట్ అయిన సందర్భం చెప్పండి’, ‘టీమ్‌లో ఎవరితోనైనా పొసగకపోతే ఏం చేశారు?’ అనే ప్రశ్నలు ఫ్రెషర్ల ఇంటర్వ్యూల్లో మామూలే. నాకు అసలు కోపమే రాదండీ అని చెబితే ఎవరూ నమ్మరు. అలాగని కడుపులోదంతా కక్కితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఈ రెండింటి మధ్య దారి నాకు ఇంగ్లిష్ పుస్తకంలో దొరకలేదు, బగ్ రిపోర్టుల్లో దొరికింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం కనిపిస్తే ‘ఈ యాప్ చెత్త’ అని రాస్తే డెవలపర్ ఏం చేయగలడు? అందుకే బగ్ రిపోర్టులో మూడు సంగతులు అడుగుతారు. ఏం చేస్తే సమస్య వచ్చింది, ఏం జరగాలి, ఏం జరిగింది. జరగాల్సిందానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఖాళీయే కదా ఫ్రస్ట్రేషన్ అంటే! ఆ ఖాళీని చూపిస్తే చాలు. కోపం గురించి వేరే చెప్పక్కర్లేదు, వినేవాడికే అర్థమవుతుంది. దానికి నాలుగోది ఒకటి కలపాలి. అప్పుడు మీరేం చేశారు?

నా జవాబును అలా మళ్లీ రాసుకున్నాను. "వి వర్ ఫోర్ ఇన్ ద టీమ్, అండ్ వి హ్యాడ్ ప్లాన్డ్ టు ఫినిష్ బై మార్చ్. టూ మెంబర్స్ స్టాప్డ్ కమింగ్. ఇట్ వాజ్ ఫ్రస్ట్రేటింగ్, అండ్ వి హ్యాడ్ ఎ డిసగ్రీమెంట్ అబౌట్ ఇట్. సో ఐ స్ప్లిట్ ద వర్క్ ఎగైన్, డ్రాప్డ్ వన్ మాడ్యూల్, అండ్ వి సబ్మిటెడ్ ఆన్ టైమ్." ఒక్కసారి చూడండి. ‘ఐ వాజ్ ఫ్రస్ట్రేటెడ్’ అన్నా తప్పు కాదు. కానీ "ఇట్ వాజ్ ఫ్రస్ట్రేటింగ్" అన్నప్పుడు వేలు నా వైపూ లేదు, స్నేహితుల వైపూ లేదు. పరిస్థితి వైపు ఉంది. వ్యాకరణం పెట్టే చిన్న తోకకు ఇంత పనితనం ఉంది. ఆ తర్వాత రెండు మూడు ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వచ్చింది. ఒకచోట ఈ జవాబు విని, ఏ మాడ్యూల్ వదిలేశావని అడిగారు. అక్కడి నుంచి మాట ప్రాజెక్ట్ మీదకు మళ్లింది. నాకు కావాల్సింది కూడా అదే.

ఒక్క హెచ్చరిక. ఈ వాక్యాలను బట్టీ పట్టకండి. మీ ప్రాజెక్ట్ వేరు, మీ ఇద్దరు దోస్తులు వేరు. బట్టీ పట్టిన జవాబుకు రెండో ప్రశ్న పడగానే నోరు ఆగిపోతుంది.

మెయిల్‌లోనూ ఇదే లెక్క. హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కావట్లేదు, పరీక్ష ఎల్లుండి. అప్పుడు చాలామంది రాసేది: "ఐ యామ్ వెరీ ఇరిటేటింగ్ విత్ యువర్ సైట్. ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్." ఇది చదివేవాడికి మీ పేరు తెలియదు, నంబర్ తెలియదు, ఏం ఆగిందో తెలియదు. ఇలా రాసి చూడండి: "ఐ హావ్ బీన్ ట్రయింగ్ టు డౌన్‌లోడ్ మై హాల్‌టికెట్ సిన్స్ మండే. ద పేజ్ షోస్ ఎన్ ఎర్రర్ ఆఫ్టర్ ఐ ఎంటర్ ద ఓటీపీ. మై ఎగ్జామ్ ఈజ్ ఆన్ థర్స్‌డే. ప్లీజ్ హెల్ప్." కింద రిజిస్ట్రేషన్ నంబర్, స్క్రీన్‌షాట్. ఇందులో చిరాకు అనే మాటే లేదు. రెండోసారి రాయాల్సి వస్తే అప్పుడు ఒక మెట్టు ఎక్కండి: "ఐ యామ్ డిసప్పాయింటెడ్ దట్ ఐ హావ్ నాట్ రిసీవ్డ్ ఎ రిప్లై." ఆఫీస్ ఇంగ్లిష్‌లో డిసప్పాయింటెడ్ అనేది మర్యాదగా కసురుకోవడమే. అందుకున్నవాడికి ఆ సంగతి తెలుస్తుంది.

మడికొండ ఐటీ పార్క్‌లో 2020 నుంచి కంపెనీలు నడుస్తున్నాయి. అక్కడికే వెళ్లినా, రైలెక్కి హైదరాబాద్ వెళ్లినా ఈ మాటలు మీకు ఇంటర్వ్యూతో అయిపోవు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఎవరిదో కోడ్ మీ కోడ్‌ని చెడగొడుతుంది. ఆ సాయంత్రం మీరు రాసే మెసేజ్‌లో ‘ఈడీ’ ఎక్కడుందో ‘ఐఎన్‌జీ’ ఎక్కడుందో ఒకసారి చూసుకుని పంపండి.

సాధన కోసం కొన్ని తెలుగు వాక్యాలు ఇస్తున్నాను. కాగితం మీద కాదు, పైకి చెప్పండి. ‘బస్సు గంట లేటు, చిరాకేసింది.’ ‘వాడు పొద్దున్నుంచీ సతాయిస్తున్నాడు.’ ‘సార్ అందరి ముందూ నా మీద అరిచారు.’ ‘రిజల్ట్ చూసి నీరుగారిపోయాను.’ మొదటిది "ద బస్ వాజ్ ఎన్ అవర్ లేట్, అండ్ ఐ వాజ్ అనాయ్డ్." రెండోది "హి హాజ్ బీన్ బాదరింగ్ మి సిన్స్ మార్నింగ్." మిగతా రెండింటికీ కావాల్సినవన్నీ పైన ఉన్నాయి, మీరే చూసుకోండి.

చివరిది కొంచెం కష్టం. ‘ఎదురుచూసి ఎదురుచూసి యాష్టకొచ్చింది.’ నేను "ఐ యామ్ ఫెడప్ విత్ వెయిటింగ్" అన్నాను. మొన్న మట్టెవాడ వచ్చినప్పుడు అన్నకు చెబితే ఒప్పుకోలేదు.

"ఫెడప్ అంటే విసుగొక్కటే తమ్మీ. యాష్టల అలుపు గూడ ఉంటది."

"అయితే సిక్ అండ్ టైర్డ్ ఆఫ్ వెయిటింగ్?"

కాసేపు ఆలోచించాడు. "ఆఁ, గది నడుస్తది. ఇంటర్వ్యూల మాత్రం అనకు."